ఆవకాయ జాడీ, మా ఇంటి లాప్‌టాప్

2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే దాదాపు గంటన్నర సినిమా బయటికి వచ్చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వాయిదా పడి అక్టోబరులో రావాల్సిన సినిమాను హడావుడిగా సెప్టెంబరు 27కే థియేటర్లకు తెచ్చారు. జనం ఆదరించారు కాబట్టి గండం గడిచింది. అప్పట్లో పోలీసులు చెప్పినదాన్ని బట్టి ఎవరూ ఏ తాళమూ పగలగొట్టలేదు. లోపల పనిచేసే మనిషి దగ్గర్నుంచి ఒక కాపీ తెలిసినవాళ్ళ చేతికి, అక్కణ్ణుంచి ఇంకో చేతికి వెళ్ళి కృష్ణా జిల్లాలో తేలింది.

ఫిల్మ్‌నగర్‌లో కాపురం ఉండేవాళ్ళకి ఇలాంటి వార్త వింటే కడుపులో దేవినట్టవుతుంది. జూబ్లీహిల్స్ అంటే మీకు హీరోల ఇళ్ళ పెద్ద గేట్లు గుర్తొస్తాయేమో. ఆ గేట్ల లోపలికి పొద్దున్నే పనికెళ్ళి రాత్రికి ఇల్లు చేరే మాలాంటి వాళ్ళం కింద సందుల్లో ఉంటాం. మావారు కథా చర్చల్లో కూర్చునే రచయిత. తెర మీద ఆయన పేరు ‘రచనా సహకారం’ కింద, మీరు చీకట్లో సీటు నంబరు వెతుక్కునే టైములో వచ్చి వెళ్ళిపోతుంది. నేను తెలుగు బీఏ చదివాను కాబట్టి ఆయన రాసిన ప్రతి వెర్షనూ ముందు నా దగ్గరికే వస్తుంది. అక్షర దోషాలు చూస్తాను, అత్తగారి నోట పెట్టిన మాట నిజంగా అత్తగారు అనే మాటేనా అని కూడా చూస్తాను. జీతం లేదు, కాఫీ కూడా నేనే పెట్టుకోవాలి.

పోయినేడాది ఆయన పనిచేస్తున్న ఒక సినిమాలో అసలు మలుపుని ఎవరో యూట్యూబ్‌లో పూసగుచ్చినట్టు చెప్పేశారు. ఆ వెర్షన్ ఉన్నది ఆరుగురి దగ్గర. ఆరుగురినీ విడివిడిగా పిలిచి అడిగారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. కాకపోతే ఆ తర్వాత మావారికి సిట్టింగుకి రమ్మని ఫోన్ రాలేదు. మూడు నెలలు. ఇక్కడ అనుమానం చాలా మర్యాదగా ఉంటుంది. ‘చెప్తాం సార్’ అంటారు. చెప్పరు.

మూడు నెలలు సరుకుల లిస్టు కుదించుకుని గడిపేయొచ్చు, గడిపాం కూడా. కానీ ఒక రాత్రి ఆయన ఇంటర్ చదివే మా అమ్మాయిని, “నువ్వేమైనా పిచ్చి పిచ్చివి డౌన్‌లోడ్ చేశావా దీంట్లో?” అని అడిగారు. అది అన్నం పళ్ళెం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది. బయటివాళ్ళు మమ్మల్ని అనుమానించడం ఒక ఎత్తు, ఆ అనుమానం మా గడప దాటి లోపలికి రావడం ఒక ఎత్తు.

ఆయన అడగడంలో అర్థం లేకపోలేదు. ఇంట్లో ఉన్నది ఒకటే లాప్‌టాప్. అందులోనే స్క్రిప్టులు, అందులోనే కరెంటు బిల్లు, నా వ్యాసాలు, అమ్మాయి పాఠాలు, అది ఎక్కడెక్కడి నుంచో దింపే పాటలు, మా అత్తగారి పురాణ ప్రవచనాలు. పక్కింటి పిల్లాడు ప్రింటు కోసం పెన్‌డ్రైవ్ తెచ్చినా దాంట్లోనే గుచ్చుతాడు. మీ ఇంట్లో మాత్రం వేరుగా ఉందా చెప్పండి?

అప్పుడు వచ్చాడు మా అక్క కొడుకు చిన్నా. కూకట్‌పల్లిలో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. “బాబాయ్, అది ఇక్కణ్ణుంచి పోయిందో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఇకముందు ఇక్కణ్ణుంచి పోలేదని మీరు ధైర్యంగా చెప్పగలిగేలా చెయ్యొచ్చు” అన్నాడు. దానికి విండోస్ తీసేసి క్యూబ్స్ ఓఎస్ అనేది వెయ్యాలట. దాన్ని మొదలుపెట్టింది పోలండ్‌కి చెందిన జోవానా రుట్‌కోవ్‌స్కా అనే భద్రతా పరిశోధకురాలు. 2010లో ప్రకటించారు, 2012లో మొదటి వెర్షన్ వచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు. ఆడమనిషి ఆలోచన అని విన్నాక, వాడు వివరించిన పద్ధతి విన్నాక, నాకు పెద్ద ఆశ్చర్యం వెయ్యలేదు.

ఎందుకంటే ఆవకాయ పెట్టినప్పుడు మనం చేసేది అదే. పెద్ద జాడీకి వాసెన కట్టి పైన పెడతాం. రోజువారీకి చిన్న సీసాలోకి తీసుకుంటాం. తడి చెంచా పెట్టొద్దని ఇంటిల్లిపాదికీ చెప్తూనే ఉంటాం, ఎవరో ఒకరు పెట్టి తీరతారనీ మనకి తెలుసు. అందుకే కదా సీసాలోకి తీసేది! బూజు పడితే సీసా పోతుంది, జాడీ మిగులుతుంది. క్యూబ్స్ కూడా ఒకే లాప్‌టాప్‌ని లోపల చిన్న చిన్న కంప్యూటర్లుగా విడగొడుతుంది. జెన్ అనే సాఫ్ట్‌వేర్ మధ్యలో గోడలు కడుతుంది. ఇంటర్నెట్ చూసే గది వేరు, పని గది వేరు, వాల్ట్ అనే గదికి అసలు నెట్టే ఉండదు. ఏ కిటికీ ఏ గదిదో తెలియడానికి అంచుకి రంగు. నమ్మకం లేని గదికి ఎరుపు, వాల్ట్‌కి నలుపు. తెలియనివాళ్ళు పంపిన ఫైలు తెరవడానికి అప్పటికప్పుడు ఒక గది పుట్టి, మూయగానే మాయమైపోతుంది. విస్తరాకులో తిని పారేసినట్టు.

“అంటే పాపకి తెలియకుండా దాచడానికా ఇది?” అని అడిగాను. “కాదు పిన్నీ, పాస్‌వర్డ్ తెలిసి కూర్చున్న మనిషికి అన్ని గదులూ కనిపిస్తాయి. బయటినుంచి వచ్చిన పురుగు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పాకకుండా ఇది” అన్నాడు. అయితే సరే అన్నాను. మనుషుల్ని కాపలా కాసేదైతే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

ఇక వెయ్యడం. ఒక పూటలో అయిపోతుందన్నాడు, మూడు ఆదివారాలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్తాను, మీలో ఎవరింట్లోనైనా పనికొస్తుంది.

మొదట పాతవన్నీ బయటికి తియ్యాలి, ఇది డిస్కు మొత్తం తుడిచేస్తుంది. పెళ్ళి ఫోటోలు, స్క్రిప్టులు సరే, మా నాన్నగారు పోయే ముందు ఏడాది రికార్డు చేసిన పద్యాలు పదకొండు అందులోనే ఉన్నాయి. రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, రెండింట్లోనూ పదకొండూ వినిపిస్తే గానీ ‘చెరిపెయ్’ నొక్కనివ్వలేదు. చిన్నా గడియారం చూసుకున్నాడు. చూసుకోనీ.

డౌన్‌లోడ్ ఆరు జీబీ పైన. దిగాక అది అసలుదేనా అని సంతకం సరిపోల్చి చూడాలి, బంగారం మీద హాల్‌మార్క్ చూసినట్టు. తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్‌తో ఎక్కించేటప్పుడు ‘డీడీ ఇమేజ్’ పద్ధతి ఎంచుకోవాలి. ఇంత చేసినా లాప్‌టాప్ పెన్‌డ్రైవ్ వైపు చూడనే లేదు. బయోస్‌లోకి వెళ్ళి సెక్యూర్ బూట్ ఆపాక చూసింది. ‘మీ యంత్రంలో వీటీ-డీ లేదు’ అని ఇన్‌స్టాలర్ నిలబెట్టేసింది. ఉందిట, కంపెనీ నుంచి వచ్చినప్పుడే ఆపేసి ఉందిట. గదుల మధ్య గోడ గట్టిగా ఉండాలంటే అది ఉండాల్సిందే. బయోస్‌లో వర్చువలైజేషన్ అన్న చోట రెండు గడులూ ఆన్ చేశాం. ఈసారి తెర మొత్తం నల్లగా అయిపోయింది.

ఇక్కడ చిన్నా కంగారుపడి ఒకేసారి నాలుగు మార్చాడు. నేను పాల లెక్క నోట్‌బుక్ తెచ్చి పక్కన కూర్చున్నాను. పులుసు బాగోలేదని ఉప్పూ బెల్లమూ కారమూ ఒకేసారి వేస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో ఏం తెలుస్తుంది? ఒక్కటి మార్చు, చూడు, రాస్తాను, పనిచెయ్యకపోతే వెనక్కి పెట్టు అన్నాను. అన్నీ వెనక్కి పెట్టి, పెన్‌డ్రైవ్ మెనూలో ‘కెర్నల్ లేటెస్ట్’ అని ఉన్న వరుస ఎంచుకుంటే తెర వెలిగింది. మా లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కొత్తరకం, మామూలు కెర్నల్‌కి దాని సంగతి తెలియదు. అది మొదటి ఆదివారం రాత్రి పదకొండు.

రెండో ఆదివారం అన్నీ ఎక్కాయి, వైఫై మాత్రం రాదు. వైఫై కార్డుని చూసుకునే గది పేరు సిస్-నెట్. అది లేవడం లేదు. కార్డుని రీసెట్ చెయ్యడం కుదరదని ఎర్ర అక్షరాలు. చిన్నా ఫోన్‌లో గంటసేపు చదివి, ఆ గది సెట్టింగుల్లో పరికరాల పట్టీలో ‘స్ట్రిక్ట్ రీసెట్’ అక్కర్లేదని ఆ ఒక్క కార్డుకి టిక్కు పెట్టాడు. లేచింది. దీనివల్ల కాపలా కొంచెం సడలుతుందని కూడా చెప్పాడు. దాచకుండా చెప్పినందుకు రెండు గారెలు ఎక్కువ వేశాను.

నాలుగు గదులు తెరిస్తే మాత్రం లాప్‌టాప్ ఆయాసపడింది. మాకున్నది 8 జీబీ ర్యామ్. కనీసం 6 ఉంటే ఎక్కుతుంది, హాయిగా నడవాలంటే 16 కావాలి. మావారు చెక్‌పోస్ట్‌లో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి, సికింద్రాబాద్ సీటీసీలో ఇంకో 8 జీబీ కొనుక్కొచ్చారు. సిట్టింగులు లేని నెలలో అది ఖర్చే.

మూడో ఆదివారం తెలుగు. చిన్నా ‘వర్క్’ గదిలో తెలుగు ఫాంట్లు, టైపింగు సరంజామా వేసి వెళ్ళాడు. మర్నాడు తెరిస్తే ఏమీ లేవు, అక్షరాల బదులు డబ్బాలు. ఫోన్ చేస్తే నవ్వాడు. గదులన్నీ టెంప్లేట్ అనే ఒక అచ్చులోంచి పుడతాయట. గదిలో మన ఫైళ్ళు ఉంటాయి గానీ, అక్కడ ఎక్కించిన సాఫ్ట్‌వేర్ మూయగానే పోతుంది. అచ్చులో వేసి, అచ్చు మూసి, గది మళ్ళీ తెరవాలి. జంతికల గొట్టంలో బిళ్ళ మార్చకుండా పడిన జంతికల్ని ఎంత దిద్దితే ఏం లాభం? అచ్చులో వేశాక నల్ల అంచు కిటికీలో ‘క్ష’ గుండ్రంగా కనిపించింది. ఒక్క వత్తూ విరగలేదు.

మావారు మొదట విసుక్కున్నారు. ఒక గదిలోని మాట ఇంకో గదిలోకి తీసుకెళ్ళాలంటే మామూలు కాపీ చాలదు, కంట్రోల్ షిఫ్ట్ కలిపి ఇంకోసారి నొక్కాలి. వీడియోలు కూడా అంత నున్నగా ఆడవు. పైగా ఎవరో ఫోన్‌తో తెరని ఫోటో తీస్తే, ఆఫీసులో ప్రింటు తీసిన కాగితం బల్ల మీద వదిలేస్తే, టీ తాగుతూ కథ చెప్పేస్తే దీనివల్ల అయ్యేదేం లేదు. ఆ ఆరుగురిలో ఎవరో, అసలు ఆరుగురిలోనో కాదో, మాకు ఇప్పటికీ తెలియదు. వేరే ఆఫీసు నుంచి మాత్రం పిలుపు వచ్చింది. వెళ్తున్నారు.

తెరవగానే అడిగే పాస్‌వర్డ్ మర్చిపోతే డిస్కులోది ఎవరూ తీయలేరని చిన్నా గట్టిగా చెప్పాడు. ఏడు మాటల తెలుగు వాక్యం ఒకటి నేనే కట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం. ఏ పుస్తకంలోనూ లేదది. మావారికీ నాకూ అమ్మాయికీ వచ్చు. దానికి చెప్పాలా వద్దా అని ఆయన ఒక రోజంతా ఆలోచించారు. ఆ సాయంత్రం దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ముగ్గురం కలిసి నాలుగుసార్లు అప్పజెప్పుకున్నాం.

మావారు సారీ చెప్పే మనిషి కాదు. లాప్‌టాప్ దాని వైపు తిప్పి, “నీకో గది పెట్టమన్నాను చిన్నాని. రంగు నువ్వే ఎంచుకో” అన్నారు. అది మూతి ముడుచుకునే మౌస్ పట్టుకుంది. ఎనిమిది రంగుల్లో చాలాసేపు వెతికి ఊదా రంగు పెట్టుకుంది.