బరువు తగ్గితే అమ్మ భయపడింది



కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారవుతున్న చెల్లెళ్ళు కొందరు నన్ను ఒకటే అడుగుతున్నారు. "అక్కా, మొదటి పది రోజులు బాగానే చేస్తున్నాం, ఆ తర్వాత ఎందుకో జారిపోతోంది. నువ్వు పద్నాలుగు నెలలు ఎలా నిలబడ్డావ్?" అని. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా. పొడుగు పోస్టే, ఓపికున్నవాళ్ళు చదవండి.

ముందు లెక్క చెప్పేస్తా. నా ఎత్తు 152 సెంటీమీటర్లు. మొదలుపెట్టిన రోజు 71 కిలోలు, ఇప్పుడు 62. పద్నాలుగు నెలలకి తొమ్మిది కిలోలు. నెలకి పది కిలోలు తగ్గామని చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి, ఆ కథ కావాలంటే అక్కడ చూడండి. మన దగ్గర అది లేదు.

బరువు గురించి బయటివాళ్ళు రాసేవన్నీ చదివితే నాకు ఒక విషయం ఎప్పుడూ కుదరదు. వాళ్ళ ఇళ్ళల్లో లావు అంటే సిగ్గు, సన్నం అంటే గొప్ప. మన ఊళ్ళల్లో అది తిరగబడి ఉంటుంది కదా. సెలవులకి ఇంటికెళ్తే "ఒళ్ళు చేసావే, సిటీ నీళ్ళు పడ్డాయి" అని మా పెద్దమ్మ సంతోషపడుద్ది. అదే కాస్త తగ్గి వెళ్తే ఇంక చూడండి. ఏజెన్సీలో మనిషి చిక్కిపోయిందంటే మలేరియా, లేదా టీబీ, లేదా రక్తం లేకపోవడం. 2017లో వై.రామవరం మండలం చాపరాయిలో మన కొండరెడ్లు 16 మంది వరసగా చనిపోయిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. అలాంటి చోట పెరిగిన తల్లికి కూతురి బుగ్గలు లోపలికి పోతే ఏం గుర్తొస్తుంది? నేను ఐదు కిలోలు తగ్గి ఇంటికెళ్ళినప్పుడు మా అమ్మ ఏమీ అనకుండా తెల్లారే ఆసుపత్రికి లాక్కెళ్ళింది. సికిల్ సెల్ చూడమంది, కఫం పరీక్ష చేయమంది. అన్నీ బాగానే వచ్చాయి. అక్కడి నర్సమ్మ నవ్వి "ఈ పిల్ల ఇంకా తగ్గాలమ్మా, బీపీ అంచు మీద ఉంది" అంది. మా అమ్మ నమ్మలేదు. దారంతా నా మొహమే చూస్తా వచ్చింది.

కానీ ఆ బీపీ మాట నాకు బాగా పనికొచ్చింది. "డైటింగ్" అంటే మా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు, పైగా కోపం. "పత్యం" అంటే మాత్రం అందరికీ తెలుసు. బాలింతకి పత్యం ఉంది, కామెర్లకి పత్యం ఉంది. పత్యంలో ఉన్న మనిషికి ఎవరూ బలవంతంగా ఇంకో గరిట వడ్డించరు, పాపం అంటుకుంటుందని భయం. "నేను పత్యంలో ఉన్నానే" అని చెప్పిన రోజు నుంచి ఇంట్లో నా కంచం నా ఇష్టం. అబద్ధం కూడా కాదు కదా.

అసలు మనకి ఈ బరువు ఎక్కడిది? మాది దేవీపట్నం మండలంలో మునిగిపోయిన ఊరు. 2019, 2020 వరదల తర్వాత గోకవరం వైపు పునరావాస కాలనీకి వచ్చాం. పాత ఊళ్ళో మా అమ్మ పొద్దున్నే వాగుకి వెళ్ళి నీళ్ళు తెచ్చేది, తర్వాత కొండ మీద పోడు, మధ్యలో అడ్డాకులు, చింతపండు, కొండచీపుర్లు. సాయంత్రానికి ఎన్ని మైళ్ళు నడిచిందో ఎవరూ లెక్కపెట్టలేదు. కాలనీలో గుమ్మం ముందే కుళాయి. ఎక్కడానికి కొండ లేదు, చెయ్యడానికి పోడు లేదు. అన్నం మాత్రం అదే, ఇంకా ఎక్కువే. అంత్యోదయ కార్డుకి నెలకి 35 కిలోల బియ్యం వస్తాయి. ఆకలి తీరింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను, ఆకలి ఎలా ఉంటుందో మా తాతలకి తెలుసు. కానీ సామలు, కొర్రలు, జొన్నలు ఇంట్లోంచి వెళ్ళిపోయాయి. ఇప్పుడు రాజమండ్రి సూపర్ మార్కెట్లో "సిరిధాన్యాలు" అని అద్దాల ప్యాకెట్లో బియ్యం కంటే ఎక్కువ ధరకి అమ్ముతుంటే చూసి నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఇది మన ఒక్కళ్ళ గొడవ కాదులెండి. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక డెల్టా అంతా వరి అయింది. దాళ్వా పంటకి ఇప్పటికీ మన సీలేరు నీళ్ళే కావాలి. నీళ్ళు మనవి, అన్నం వాళ్ళది అని మా తాత అనేవాడు. ఇప్పుడు అన్నం కూడా మనదే అయింది, దాంతో పాటు సుగరూ వచ్చింది. ఉభయ గోదావరి జిల్లాల పల్లెల్లో చేసిన ఒక సర్వే 2006లో అచ్చయింది. 30 ఏళ్ళు దాటినవాళ్ళలో 13 శాతం మందికి సుగరు ఉందని తేలింది. పట్నాలు కాదు, పల్లెలు. మేం దిగువకి వచ్చి ఆ వరసలో చేరాం అన్నమాట.

అన్నం విషం అనేవాళ్ళ మాట మాత్రం నేను వినను. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ (ఎం.టి.యు. 7029) ఉంది కదా, డెల్టాలో సార్వాకి వేసే రకం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి సంస్థ 2011లో 235 రకాల బియ్యం పరీక్షిస్తే, రక్తంలో చక్కెర నెమ్మదిగా పెంచే వాటిలో స్వర్ణ ఒకటిగా తేలింది. గొడవంతా ఎంత తింటున్నాం అన్న దగ్గర ఉంది. వండిన అన్నం వంద గ్రాములకి సుమారు 130 కేలరీలు. హాస్టల్ మెస్‌లో రెండోసారి అన్నం అడిగితే ఎవరూ కాదనరు, కూర మాత్రం ఒక్క గరిటే. అంచేత కడుపు అన్నంతోనే నిండుతుంది. ఏ హాస్టల్ అని అడగొద్దు, అన్నీ అంతే.

డైట్ల సంగతి. 2017, 18 టైంలో వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి ఎలా ఊపేసిందో గుర్తుందా? రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ బిళ్ళలు, అన్నం బంద్. అంతకుముందు మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పూ నూనె లేని తిండి అన్నారు. ఒకరు నూనె తాగమంటే ఒకరు నూనె ముట్టొద్దంటారు! ఏది గొప్పో తేల్చే చదువు నాది కాదు. కానీ రెండింటికీ సొంత వంటిల్లు కావాలి, డబ్బు కావాలి. మెస్‌లో కంచం పట్టుకుని లైన్లో నిలబడేవాళ్ళకి ఏదీ కుదరదు. మా రూమ్మేట్ ఒకమ్మాయి కొబ్బరి నూనె సీసా కొని పదకొండు రోజులు చేసింది. సీసా అయిపోయింది, మళ్ళీ కొనే డబ్బుల్లేవు, డైట్ కూడా అయిపోయింది. ఆ పిల్లకి పట్టుదల లేదని అంటే నేను ఒప్పుకోను.

ఇక్కడ మన పండగల మాట చెప్పాలి. మామిడి కొత్త అయ్యేవరకు మనం మామిడికాయ ముట్టం. చెట్టు నిండా కాయలు వేలాడుతుంటాయి, కింద పిల్లలు ఆడుతుంటారు, ఎవరూ తినరు. చిక్కుడు కొత్త కూడా అంతే. ఎప్పుడైనా ఎవరైనా "నాకు మోటివేషన్ తగ్గిపోతోంది" అన్నారా? అనరు. ఎందుకంటే ఊరంతా ఆగుతుంది. ఆగడం ఒక్కడి భుజాల మీద లేదు. రోజూ పొద్దున్నే "ఇవాళ తినాలా వద్దా" అని తేల్చుకునే పని లేదు, ఎప్పుడో తేలిపోయింది. నేను రీల్స్ చూసి తెచ్చుకున్న ఉత్సాహం మూడు రోజులు ఉండేది. ఈ కొత్త పద్ధతి గుర్తొచ్చాక ప్లాన్ మొత్తం దాని మీదే కట్టుకున్నా.

రోజుకి ఐదొందల కేలరీలు తక్కువ పడితే వారానికి అర కిలో దాకా తగ్గుతుందని పుస్తకాల లెక్క. కేలరీలు రాసుకునే ఓపిక నాకు లేదు. నా దగ్గర ఒక చిన్న స్టీలు గిన్నె ఉంది. మధ్యాహ్నం దాని నిండా అన్నం, రాత్రి దాంట్లో సగం. కూర ఎంత దొరికితే అంత, మజ్జిగ, వారంలో ఐదు రోజులు ఉడికించిన గుడ్డు, మిగతా రెండు రోజులు నానబెట్టిన శనగలు. అంతే. గిన్నె మారదు కాబట్టి ఆలోచన లేదు. రాజమండ్రిలో ఉండి రోజ్ మిల్క్ తాగకుండా ఉండటం నా వల్ల కాదు, అది నెలకి ఒకసారి, జీతం లేని మనిషికి అదే ఎక్కువ. సాయంత్రం పుణుగుల బండి దగ్గర నుంచి రాకుండా దారి మార్చుకున్నా. వాసన తగిలాక మనసుతో యుద్ధం చేయడం కంటే వెనక సందు నయం.

పరుగు ఒక్కదాన్నే అయితే వారం కూడా నడిచేది కాదు. చింతూరు అమ్మాయి ఒకరు, బుట్టాయగూడెం అమ్మాయి ఒకరు, నేను. ఐదింపావుకి ముగ్గురం గేటు దగ్గర ఉండాలి. ఎవరు రాకపోతే మిగతా ఇద్దరూ వాళ్ళ రూముకెళ్ళి దుప్పటి లాగుతాం. ఆడవాళ్ళకి 1600 మీటర్లు పది నిమిషాల ముప్పై సెకన్లు కదా, మొదట్లో నాకు పదమూడు దాటేది, సగం నడకే. ఇప్పుడు 10:12. నిజం చెప్పాలంటే కిలోల కంటే ఈ టైమే నన్ను ఎక్కువ నిలబెట్టింది. కాటా మొండిది, టైము మాత్రం వారం వారం కొంచెం కొంచెం తగ్గుతా వచ్చింది.

కాటా గురించి ఇంకో మాట. రోజూ ఎక్కొద్దు. ఉప్పు ఎక్కువ తిన్నా, నెలసరి ముందూ ఒంట్లో నీరు నిలిచి కిలో, ఒక్కోసారి రెండు కిలోలు పెరిగినట్టు చూపిస్తుంది. అది కొవ్వు కాదు. చాలామంది అమ్మాయిలు సరిగ్గా ఆ వారంలోనే "ఇంత చేసినా పెరిగాను" అని వదిలేస్తారు. నేను సోమవారం పొద్దున మాత్రమే చూస్తా, నెలలో నాలుగు అంకెలు కలిపి సగటు రాసుకుంటా. అయిదో నెల నుంచి ఎనిమిదో నెల దాకా సగటు అసలు కదల్లేదు. శరీరం చిన్నదయ్యేకొద్దీ తక్కువ ఖర్చుతో బతకడం నేర్చుకుంటుంది. అమెరికాలో టీవీ పోటీలో విపరీతంగా తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షిస్తే, వాళ్ళ శరీరాలు ఉండాల్సిన దానికంటే రోజుకి ఐదొందల కేలరీల దాకా తక్కువ ఖర్చు పెడుతున్నాయని 2016లో తేలింది. ఎక్కువమంది బరువు మళ్ళీ పెరిగారు కూడా. అది చదివాక నా నత్తనడక మీద నాకు గౌరవం పెరిగింది. ఆ నాలుగు నెలలు గిన్నె మార్చలేదు, పరుగు మార్చలేదు, తొమ్మిదో నెలలో మళ్ళీ కదిలింది.

పండక్కి ఇంటికెళ్తే ఏం చేస్తావ్ అని కూడా అడిగారు. తింటా. భూమి పండగకి పంది మాంసం వండితే నేను గిన్నె తీసుకెళ్ళి కొలుచుకుంటానా? లండన్‌లో 96 మంది మీద చేసిన ఒక పరిశోధన 2009లో వచ్చింది. ఒక పని అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడలేదట. మనకి 21 రోజులు అని చెప్పి హడావుడి చేసేవాళ్ళు ఇది చదవాలి. నా నియమం ఒకటే: బస్సు దిగి హాస్టల్‌కి వచ్చిన పూట నుంచే గిన్నె. "సోమవారం నుంచి" అనేది లేదు.

ఇది అందరికీ కాదు, దయచేసి వినండి. ఆడవాళ్ళకి కానిస్టేబుల్ నోటిఫికేషన్లో కనీస బరువే ఉంది, ఏజెన్సీ ఎస్టీలకి 38 కిలోలు. పైన హద్దు లేదు. మన పిల్లల్లో ఎక్కువమంది తగ్గాల్సినవాళ్ళు కాదు, పెరగాల్సినవాళ్ళు. ఎత్తు మీటర్లలో రాసుకుని దాన్ని దానితోనే గుణించి, బరువుని ఆ అంకెతో భాగించండి. మన దేశస్తులకి 23 దాటితే ఎక్కువ, 25 దాటితే ఊబకాయం లెక్క. 23 లోపు ఉన్నవాళ్ళు ఈ పోస్టులో పరుగు వరకే తీసుకోండి, గిన్నె వద్దు. ఇంకోటి, సికిల్ సెల్ పరీక్ష చేయించుకోకుండా ఉపవాసాలు, ఎండలో పరుగులు పెట్టుకోవద్దు. నీళ్ళు తగ్గితే ఆ జబ్బు ఉన్నవాళ్ళకి నొప్పులు మొదలవుతాయి, ప్రాణం మీదకి కూడా రావచ్చు. 2023 జులై నుంచి కేంద్రం సికిల్ సెల్ మిషన్ నడుస్తోంది, పరీక్ష ఉచితం. కార్డు ఇస్తారు, దాచుకోండి.

మేం ముగ్గురం ఆదివారాలు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఐదున్నరకి ఉంటాం. రాజమండ్రిలో కోచింగ్‌కి వచ్చిన చెల్లెళ్ళు ఎవరైనా రావచ్చు. బూట్లు లేకపోయినా పర్లేదు, బుట్టాయగూడెం పిల్ల ఇప్పటికీ ఒట్టి కాళ్ళతోనే మా ఇద్దరికంటే ముందు పోతుంది. మంచినీళ్ళ సీసా మాత్రం తెచ్చుకోండి.

జై ఆదివాసీ.