అమ్మ సెల్లుకి ఆయుష్షు

పిల్లలు పట్నంలో, పెద్దవాళ్లు ఊళ్లో ఉండే ఇళ్లలో సెల్‌ఫోను ఇంటిమనిషితో సమానం. అది పలికినంతకాలం అందరికీ నిశ్చింత. ‘స్విచాఫ్ చేసి ఉంది’ అని వినిపించిందా, ఇక్కడ మనకి ముద్ద దిగదు. మాదీ అలాంటి ఇల్లే. అమ్మ కోటవురట్లలో ఒక్కర్తే ఉంటుంది. నేను విశాఖపట్నంలో.

ఛార్జింగు విలువ మాకు తెలిసొచ్చింది 2014లో. అక్టోబరు 12, ఆదివారంనాడు హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. స్తంభాలు కూలాయి, కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. సిగ్నలు కోసం వెతికీ వెతికీ నా ఫోను ఒక్క పూటలో చల్లబడింది. అమ్మ దగ్గర అప్పట్లో మీటల ఫోను ఉండేది. ఆవిడ దాన్ని కట్టేసి, పొద్దునోసారి, సాయంత్రమోసారి మాత్రం తెరిచి చూసేదట. నాలుగోరోజు సాయంత్రం ఎవరి కారులోనో ఛార్జింగు పెట్టుకుని చేస్తే లైను కలిసింది. ‘‘బాగున్నావా బాబూ? మరి పెట్టెయ్, ఛార్జింగైపోద్ది’’ అంది. ఆ ఒక్క మాటతో నాలుగు రోజుల బెంగ తీరింది.

ఇప్పుడు అమ్మ చేతిలోనూ స్మార్ట్‌ఫోనే. మనవరాలి మొహం కనపడందే మాట్లాడినట్టుండదు. ‘‘పూర్తిగా అయిపోయాకే పెట్టాలంట, నిండా నూరూ ఎక్కాలంట. నిజమేనేటి?’’ అని అడిగింది మొన్నామధ్య. అది పాతకాలపు పథ్యం. నికెల్-కాడ్మియం బ్యాటరీలని ఖాళీ చేయకుండా పదేపదే ఛార్జి చేస్తే వాటి శక్తి తగ్గినట్టయ్యేది. నేటి ఫోన్లలో ఉండేది లిథియం-అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ సంస్థ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. దీని పుట్టుకకి కారకులైన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి దక్కింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97!

ఈ బ్యాటరీకి ఉపవాసమూ పడదు, పీకలదాకా భోజనమూ పడదు. 20 నుంచి 80 శాతం మధ్య తిరుగుతుంటే ఎక్కువకాలం మన్నుతుంది. కొంచెం కొంచెంగా పెట్టినా నష్టం లేదు. రెండుసార్లు సగం సగం ఎక్కిస్తే ఒక పూర్తి ఛార్జి కిందే లెక్క. 80 దగ్గర తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది.

అసలు శత్రువు వేడి. 35 డిగ్రీలు దాటిన ఎండలో వదిలేస్తే లోపలి రసాయనాలు త్వరగా పాడవుతాయి. మే నెలలో మన ఊళ్ల సంగతి చెప్పాలా? అందుకే అమ్మ ఫోనుకి కొత్త చోటు చూశాం. కిటికీ గట్టు మీంచీ, పొయ్యి పక్కనుంచీ తీసేసి నడవలో చెక్కబల్ల మీద పెట్టాం. తలగడ కింద ఛార్జింగు మాన్పించాం.

ఇక పూట గడిచే ఉపాయాలు. తెర వెలుగు తగ్గించడం, అక్కర్లేనప్పుడు లొకేషన్ కట్టేయడం అందరికీ తెలిసినవే. సిగ్నలు అందనిచోట ఫోను టవరు కోసం గట్టిగా కేకలేస్తున్నట్టే లెక్క, ఛార్జింగు ఇట్టే కరిగిపోతుంది. నర్సీపట్నం దాటి చింతపల్లి ఘాటు ఎక్కేటప్పుడు ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఎంత పొదుపుగా వాడినా బ్యాటరీ ముసలిదవుతుంది. ఫోను వీపు ఉబ్బితే మాత్రం అశ్రద్ధ చేయకూడదు. ఛార్జింగు ఆపేసి, వెంటనే తెలిసిన మెకానిక్ చేత మార్పించాలి. కొత్త ఫోను ఖర్చుతో పోలిస్తే అదెంత!

ఇన్ని నియమాలకీ ఒక మినహాయింపు ఉందని అమ్మకి చెప్పాను. తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఇరవైలూ ఎనభైలూ మర్చిపోవాలి. కరెంటు ఉండగానే నూటికి నూరూ ఎక్కించేయాలి. బ్యాటరీ ఆయుష్షు ఒకరోజు తగ్గితే తగ్గనీ. మనం దాన్ని కాపాడుకునేది అలాంటి రోజు కోసమే కదా!