ఎవరి చేతులు?



జ్వరంతో నేను మూడు ఆదివారాలు మంచం దిగలేదని మీకు తెలుసు. పడుకునే గుడి గంట విన్నాను, మీ పాటలు విన్నాను. ఒక సహోదరి వాక్యం చదివి, తనకు తోచిన మాటలు చెప్పిందట. సాయంత్రం సంఘపెద్ద ఒకాయన వచ్చి, "అంతా బాగా జరిగింది అయ్యగారూ, మీరేం దిగులు పడబాకండి" అన్నాడు.

దేవునికి స్తోత్రం అన్నాను. కానీ లోపల చివుక్కుమంది. నేను లేకుండా బాగా ఎలా జరిగింది? ఆ రాత్రి నా హృదయం నాకే కనబడి సిగ్గుపడ్డాను. ప్రసంగం నేనే, ప్రార్థన నేనే, కానుకల లెక్క నేనే, చివరికి గుడి తాళం కూడా నా దగ్గరే. దాన్ని సేవ అనుకున్నాను.

నిర్గమకాండము 18వ అధ్యాయం మళ్లీ చదివాను. పొద్దుటి నుంచి సాయంత్రం వరకు మోషే ఒక్కడే తీర్పు తీరుస్తుంటే మామ యిత్రో వద్దన్నాడు. మోషే నలిగిపోతాడనే కాదు, ప్రజలు కూడా నలిగిపోతారని చెప్పాడు. ఆ రెండో మాట ఇన్నేళ్లూ నా కంట పడలేదు.

మన ప్రాంత చరిత్ర కూడా గుర్తొచ్చింది. 1840లో శామ్యూల్ డే దొర నెల్లూరులో సేవ మొదలుపెట్టాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులు కొద్దిమందే కావడంతో, ఆ మిషన్ మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. తర్వాత ఒంగోలుకు క్లౌ దొర వచ్చాడు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని ఇచ్చాడు. తెలుగు బోధకులే ఆ కూలీల మీద మేస్త్రీలుగా ఉండి, వారి మధ్యే తిరిగారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరిద్దరు నీళ్లలో దిగి, అలసిపోతే మరో ఇద్దరికి చోటిచ్చి ఇచ్చిన బాప్తిస్మాలవి. సెమినరీలో ఆ అంకె బట్టీపట్టాను గానీ, ఆ చేతులు ఎవరివో ఆలోచించలేదు.

ఇప్పుడు మన సంగతి. శ్రీసిటీ కంపెనీల్లో షిఫ్టులకు పోయే పిల్లలు ఆదివారం రాలేకపోతే, లోకాన్ని ప్రేమించారని పుల్పిట్ మీది నుంచి గద్దించాను. రాత్రంతా నిలబడి పనిచేసి వచ్చిన బిడ్డను అలా అన్నందుకు క్షమించమని అడుగుతున్నాను. వారి కోసం బుధవారం సాయంత్రం కూడిక పెడుతున్నాం. దాన్ని నడిపేది నేను కాదు, వారిలో ఇద్దరు. కానుకల లెక్క ఇకపై ముగ్గురు చూస్తారు. నెలకొక ఆదివారం సహోదరీలు వాక్యం చెప్తారు.

"ప్రభువు దినం ఆదివారం కదా అయ్యగారూ, ఈ బుధవారం ఏంది?" అని ఒక అవ్వ అడిగింది. ఆమె బాధ తేలికైంది కాదు. ఈ గుడి గోడలకు మట్టి మోసిన మనిషి. అవ్వా, ఆదివారం ఎక్కడికీ పోదు. మొదటి బుధవారం నువ్వే ప్రార్థన చెయ్యి. ఆ పిల్లలకు నీ ప్రార్థన కావాలి.

ఆ సాయంత్రం నేను వెనక చాప మీద కూర్చుంటాను. మాట తడబడినా లేచి అందుకోకుండా ఉండేలా నా కోసం ప్రార్థించండి. అది నాకు ప్రసంగం కన్నా కష్టం.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.

మీ పాస్టరు,
చిల్లకూరు