రియాద్‌లో నిద్రను కొలిచే గది

నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోవడమే స్లీప్ ఆప్నియా. కనీసం 10 సెకన్ల పాటు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో గంటకు 5 సార్లు జరిగితే జబ్బు ఉన్నట్టు. 30కి చేరితే తీవ్రమైనట్టు. సౌదీ ఉద్యోగుల్లో 30–60 ఏళ్ల వారిపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. అందులో మగవారిలో 12.8 శాతం, ఆడవారిలో 5.1 శాతం మందికి ఈ జబ్బు ఉందని అంచనా కట్టారు.

రియాద్‌లోని కింగ్ సౌద్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నిద్ర రుగ్మతల కేంద్రం ఉంది. ఇలాంటి కేంద్రంలో పరీక్ష గది మామూలు పడకగదిలాగే ఉంటుంది. తేడా అంతా తీగల్లోనే. తల మీద, కళ్ల పక్కన, గడ్డం కింద అతికించినవి నిద్ర దశలను పట్టిస్తాయి. ఛాతీకి, పొట్టకు కట్టిన పట్టీలు శ్వాస ప్రయత్నాన్ని, ముక్కు దగ్గరి సన్నని గొట్టం గాలి రాకపోకలను, వేలి క్లిప్పు రక్తంలో ఆక్సిజన్‌ను నమోదు చేస్తాయి.

నేను ఎక్కువసేపు ఆగింది మాత్రం పరీక్షకు ముందు వేసే ప్రశ్నల దగ్గర. పెద్ద గురక, మధ్యలో ఊపిరి ఆగడం, పగలు కునికిపాట్లు అన్నవి మగవారిలో ఎక్కువగా కనిపించే లక్షణాలు. ఆడవారు తరచూ చెప్పేది వేరు: నిద్ర పట్టదు, రాత్రి పదేపదే మెలకువ వస్తుంది, పొద్దున తలనొప్పి, రోజంతా నీరసం, మనసు బాగోదు. ఇదే కేంద్రం వైద్యులు 2008లో ప్రచురించిన పోలికలోనూ నిద్రలేమి ఫిర్యాదు ఆడవారిలోనే ఎక్కువ. పరీక్షకు వచ్చేసరికి వారి వయసు, బరువు కూడా మగవారి కంటే ఎక్కువ. అంటే ఆలస్యంగా వస్తున్నారనే అనుకోవాలి. నీరసాన్ని రక్తహీనతకో థైరాయిడ్‌కో, దిగులును మానసిక సమస్యకో ముడిపెట్టేస్తే ఊపిరి సంగతి ఎవరూ అడగరు.

ఈ ఆలస్యానికి సాక్షి లేకపోవడం మరో కారణం. సౌదీకి పనికి వచ్చి ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకునే కరీంనగర్, నిజామాబాద్ కార్మికుల్లో ఒకరి గురక మిగతావారికి తెలిసిపోతుంది. ఇంటిపనికి వచ్చి ఒంటరిగా పడుకునే గోదావరి జిల్లాల మహిళకు ఆ మాట చెప్పేవారే ఉండరు.

ఆడవారిలో గాలి దారి పూర్తిగా మూసుకోవడం కంటే సగం మూసుకోవడం ఎక్కువ. అదీ కలలొచ్చే దశలో ఎక్కువ. అందుకే గంట లెక్క తక్కువగా వచ్చినా బాధ తక్కువని కాదు. నెలసరి ఆగాక ముప్పు పెరుగుతుంది. చికిత్స మాత్రం ఇద్దరికీ ఒకటే: బరువు తగ్గడం, అవసరమైతే మాస్కు ద్వారా గాలి ఒత్తిడినిచ్చే సీప్యాప్ యంత్రం.