ఊరిడిసి యాడికి పోవాలె?

మా అబ్బాకు డెబ్బై ఎనిమిదేండ్లు. అమ్మీకి డెబ్బై దాటినయి. నల్లగొండ దగ్గరి ఊర్ల ఇద్దరే ఉంటరు. పిల్లలం ముగ్గురం హైద్రాబాద్ చేరినం. కలిసినప్పుడల్లా ఒకటే ముచ్చట - ఈడికి తెచ్చుకుందమా, ఆడనే ఉండనిద్దమా?

ఇది మా ఒక్కింటి బాధ కాదు. అమ్మీ పుట్టిల్లు జడ్చర్ల దిక్కు. పాలమూరుల వయసోళ్లు బొంబాయికి, పూనాకు వలసపోతే ముసలోళ్లే తాళంకప్పల లెక్క ఇండ్లు కాసిండ్రు. వెంట తీస్కపోయే తాహతు వాళ్లకు లేకుండె. మాకున్నది. కని తెచ్చి యాడ పెట్టాలె?

తెలుగోళ్ల కాలనీల ఇల్లడిగితే ఫోన్ల నా తెలుగు విని రమ్మన్న ఓనరు, పేరు చెప్పంగనే ‘మొన్ననే ఇచ్చేసినం’ అన్నడు. ఇప్పుడు టోలీచౌకిల మూడో అంతస్తుల ఉంటున్న, లిఫ్టు లేదు. ఇక్కడ మనోళ్లే అబ్బా ఉర్దూ విని ‘దేహాతీ’ అని నవ్వుతరు. ఆయన కోపమొస్తే తిట్టేది తెలుగులనే గద! ఊర్లనైతే బావ, మామ అనే పిలుపులు. పీర్లు లేసేనాడు అబ్బా లేంది పని నడువదు.

అట్లని ఊరంటే మురిసిపోతలేను. 1948 సెప్టెంబర్ల పోలీస్ యాక్షన్ నాడు అబ్బా ఏడాది పిల్లగాడు. దాదీ ఆయన్ని సంకనేసుకొని ఓ గౌడాయన ఇంట్ల దాక్కున్నదట. ఆ గౌడాయన మునిమనుమడు ఇప్పుడు మా మీద వాట్సాప్‌ల ఏమేం పెడ్తడో నేను చూస్తనే ఉన్న. అబ్బాకు నల్లగొండ నుంచి బీపీ గోలీలు తెచ్చేది గూడ వాడే. ఇగ దీన్ని భద్రం అనాల్నా, భయం అనాల్నా?

ఒంటి సంగతి ఇంకోటి. మిషన్ భగీరథ నీళ్లొచ్చినయి గని, ఏండ్లకేండ్లు ఫ్లోరైడ్ బోరింగు నీళ్లు తాగిన ఎముకలు మళ్ల సాపవుతయా? అబ్బాకు మెడ తిరుగది, నడుము వంగది. ఫజర్‌కు చీకట్ల లేసి వాకిట్ల తడిబండ మీదనే వజూ. పోయిన చలికాలం ఆ బండ మీదనే అమ్మీ జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. బండ తీసేయించి గరుకు గచ్చు పోయించినం. కూసొని కాళ్లు కడుక్కోను అరుగు, పట్టుకోను గోడకు ఇనుప పైపు, రాత్రంతా వెలిగే బల్బు, కుర్చీ లెట్రిను పెట్టించినం. కుర్చీల కూసొని నమాజు చదవమంటే నా మాట ఇనలె, మౌల్వీసాబ్ చెప్తే ఇన్నడు.

2007ల చట్టమొచ్చింది - తల్లిదండ్రుల్ని చూడని పిల్లల మీద ఆర్డీవో దగ్గర ఫిర్యాదు చేయొచ్చు, నెలకు 10,000 దాక ఇప్పిస్తరు. చెప్తే అబ్బా నవ్విండు.

‘పైసలిప్పిస్తరు బేటా, జనాజా మొయ్యను నలుగుర్నిప్పిస్తరా?’

ఊర్ల మావి నాలుగే ఇండ్లు. వయసు మగోడు ఒక్కడు లేడు. గుసుల్ చేయించను నల్లగొండ నుంచి రావాల్సిందే. అయినా దాదా పండుకున్న ఖబ్రస్తాన్ ఇడిసి రానంటడు. పక్క చెల్కలోళ్లు ఏటా ఒక సాలు లోపలికి దున్నుతున్నరు. వానాకాలం మొదట్ల అబ్బా కట్టె పట్టుకొని గట్టు మీద నిలబడ్తడు. ఆయనొస్తే ఆ జాగ ఉంటదా?

అమ్మీ లెక్క వేరు. ‘మీ అబ్బాకు ఖబ్ర్ల ఫికర్, నాకు రాత్రి దమ్మొస్తే ఎవర్ని లేపాల్నని ఫికర్’ అన్నది. అందుకే వచ్చే రంజాన్ దాక ఆడనే ఉండేటట్టు, వారానికొకరం పొయ్యి పండుకునేటట్టు ఒప్పుకున్నం. ఈ వారం వంతు నాది.