ఇద్దరెక్కే పడవ

మా బరంపురం వాళ్ళకు చిల్కా సరస్సు పెరటి చెరువు వంటిది. రైలెక్కి కూర్చుంటే ఛత్రపురం, రుషికుల్యా వంతెన, గంజాం, హుమ్మా ఉప్పుమళ్ళు దాటేసరికి రంభ వచ్చేస్తుంది. చుట్టాలు వచ్చినప్పుడల్లా వారికి చూపించడానికి తీసుకుపోవడం, మోటారు పడవ మాట్లాడుకోవడం, పడవవాడు చూపిన దీవిని చూసి తిరిగి రావడం — ఇన్నేళ్ళూ ఇంతే జరిగింది. ఆ నీటిమీద మా చేతులతో ఒక్కసారైనా తెడ్డు వేసి ఎరుగము.

ఈ ఏడు చలికాలంలో మా దంపతులకు ఆ కోరిక పుట్టింది. తెల్లవారుజామున ఇద్దరం ఒక చిన్న పడవలో కూర్చుని, మెల్లగా తెడ్డు వేసుకుంటూ, ఎక్కడో ఒకచోట ఆగి గాలం వేసుకోవాలని. భగవంతుడు దయతలిస్తే ఒక పండుగప్ప, లేకపోతే ఉత్త గాలి. అందుకు తగినది కయాక్ అన్నారు. ఆ మాట ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జాతివారిది. సీలు తోలును చట్రానికి బిగించి, సన్నగా, పైన మూసి, వారు వేటకు కట్టుకున్న పడవ అది. ఇప్పుడు ప్లాస్టిక్కుతో పోతపోస్తున్నారు. ఒకరి వెనుక ఒకరు ఇద్దరు కూర్చునేదాన్ని టాండెం అంటారు.

కొనబోయే ముందు విచారిస్తే మూడు రకాలున్నాయని తెలిసింది. ఒకటి, ఇన్యూట్ల పడవ పోలికలో కాళ్ళు లోపలికి చాపి కూర్చునేది. రెండు, పీటమీద కూర్చున్నట్లు పైనే కూర్చునేది. మూడు, గాలి ఊది ఉబ్బించేది. మొదటిది చూడగానే మా మనసు దానిమీద పడింది. ఎర్రగా, సన్నగా, నిగనిగలాడుతూ ఉంది. నీటిని కోసుకుంటూ చురుకుగా పోతుంది, బట్టలు అంతగా తడవవు. బయానా ఇవ్వడమే తరువాయి. కాని మాలో ఒకరికి ఈత రాదు, మరొకరికి మోకాళ్ళ నొప్పులు. అందుచేత తెలిసినవారిని ఒక మాట అడిగి చూద్దామనిపించింది.

గోపాలపురం తీరంలో మనవాళ్ళే అయిన నోళియాలు ఉన్నారు కదా! తరతరాలుగా ఒడిశా ఒడ్డున సముద్రంమీద బతుకుతూ, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే బెస్తవారు. అక్కడ మాకు పరిచయమైన ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు దుంగలను తాళ్ళతో బిగించి కట్టిన తెప్పమీద వేటకు వెళ్ళినవాడు. ఇప్పుడు ఆ ఒడ్డున మోటారు బిగించిన ఫైబరు పడవలే ఎక్కువ. మేము పొడవు, రంగు, వెల అన్నీ వర్ణించి చెప్పాము. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు.

“పడితే మళ్ళీ ఎక్కగలరా బాబూ?”

మేము ముఖముఖాలు చూసుకున్నాము.

“తెప్పకి లోపలంటూ లేదమ్మా. కెరటం పైకొచ్చినా సందుల్లోంచి కిందికి పోద్ది. దానికి మునగడం తెల్దు. పడ్డోడు ఈదుకొచ్చి పట్టుకుంటే సాలు, అదే మోస్తాది. మీరు కొనేదానికి లోపలుందా? అయితే నీళ్ళు నిండాక ఏటి సేస్తారో ముందు సూసుకోండి.”

ఆ మాటతో బయానా ఆగిపోయింది. మరునాటి ఆదివారం చిల్కా ఒడ్డున అద్దెకిచ్చేచోట రెండు రకాలూ తీసుకుని పరీక్ష పెట్టాము. నడుములోతు నీరు, ఇద్దరికీ ఒంటిమీద తేలుడు కోటులు, పక్కన ఒక పడవవాడు. మొదట మూసిన పడవ. కావాలనే ఒరిగి పడ్డాము. అది బోర్లాపడి, తిప్పేసరికి గంగాళంలా నిండిపోయింది. ఇద్దరం కలిసి ఎత్తి వంచబోతే కదలదు. ఆ నీళ్ళు తోడడానికి పడవవాడికే చాలాసేపు పట్టింది. లోతున జరిగి ఉంటే, పక్కన మనిషి లేకపోతే, ఏమయ్యేదో ఊహించుకోగానే మాకు ఒళ్ళు ఝల్లుమంది.

తరువాత పైన కూర్చునే రకం. అందులోంచీ పడ్డాము. తిప్పగానే పైనున్న నీరంతా అడుగున ఉన్న తూములగుండా తనంతట తానే దిగిపోయింది. అంచు పట్టుకుని, కాళ్ళు కొట్టుకుంటూ పొట్టమీద పడవపైకి జారి, వెల్లకిలా తిరిగి, లేచి కూర్చోవాలి. ఈత రానివారు రెండుసార్లు జారిపోయి, మూడోసారి ఎక్కి కూర్చున్నారు. ముక్కులోంచి నీరు కారుతున్నా ముఖం వెలిగిపోయింది. అంతవరకు ఆ ముఖంలో ఎంత భయం దాగి ఉందో మాలో రెండోవారికి అప్పుడే తెలిసింది. పడవ ఏదో అక్కడే తేలిపోయింది.

ఇక లెక్కలు. ఇలాంటి జంట పడవలు సామాన్యంగా 12 నుంచి 14 అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉంటాయి. వెడల్పు హెచ్చితే నిలకడ హెచ్చుతుంది, వేగం తగ్గుతుంది. గాలం వేసేవారికి నిలకడే ముఖ్యం. మా ఇద్దరి బరువు 136 కిలోలు. కోటులు, మంచినీళ్ళు, గాలపు కర్రలు, చేపల పెట్టె కలిపి మరో 20. పడవ 220 కిలోలు మోస్తుందని రాసి ఉంది. మోసేదానిలో మూడింట రెండు వంతుల దగ్గరే ఆపితే మంచిదంటారు. మేము కొంచెం పైన ఉన్నాము గనుక సామాను తగ్గించుకున్నాము. పడవ బరువే 34 కిలోలు. దీన్ని నీటిదాకా మోసేదెవరన్న ప్రశ్న కొనేముందే వేసుకోవాలి. మేము రెండు చక్రాల బండికూడా కొన్నాము. గాలి ఊదేది తేలికే, సంచిలో పడుతుంది. కాని గాలికి కొట్టుకుపోవడం ఎక్కువ. గాలపు ముల్లు, జెల్ల ముల్లు ఉన్నచోట మాకు దానిమీద నమ్మకం కుదరలేదు.

కొన్న తరువాత నేర్చినది మరొకటి ఉంది. బరువైనవారు వెనుక కూర్చోవాలి. ముందువారి తెడ్డు వరుసను వెనుకవారు అనుసరించాలి. దారి మళ్ళించే పని వెనుకవారిది. మొదటి రోజు ఇద్దరమూ దారి చూపబోయి, తెడ్లు టకటకా కొట్టుకుని, ఒడ్డున పిల్లలు నవ్వేదాకా గిరగిర తిరిగాము. గాలం విసిరేటప్పుడు ఇద్దరూ ఒకేసారి విసరరాదు. ఒకరు విసురుతుంటే ఒకరు పడవను నిలపాలి. లేకపోతే పండుగప్పకు బదులు ముందువారి చెవి తగులుతుంది.

చిల్కాను చిన్నచూపు చూడకూడదు. వేసవిలో 900 చదరపు కిలోమీటర్ల చుట్టుపక్కల ఉండే నీరు వానల్లో 1165 దాకా పరుచుకుంటుంది. లోతు తక్కువైనా గాలి లేస్తే అలలు చప్పున లేస్తాయి. అందుకే మేము ఉదయమే వెళ్ళి, గాలి ముదరకముందే ఒడ్డు చేరుతాము. ఆ నీటిలో కర్రలు పాతి కట్టిన వలలు జాలరుల జీవనాధారం. వాటికి దూరంగా పోవాలి. గాలం వేయదలిస్తే ఆ ఊరి జాలరులను ముందుగా అడగాలి, వారు వద్దన్నచోట వేయరాదు. నలబణ పక్షుల అభయారణ్యం, అటు వేట తలపెట్టకూడదు. 1981లో రాంసర్ జాబితాకెక్కిన సరస్సు ఇది. ముఖద్వారం పూడుకుపోయి చిక్కిపోతుంటే 2000లో సముద్రానికి కొత్త ముఖం తెరిచి దీనిని బతికించారు. అలా దక్కిన నీటిమీద మన సరదా ఎవరికీ బరువు కాకూడదు.

మొదటి నెలలో మాకు పడినవి రెండు చిన్న జెల్లలు. రెంటినీ తిరిగి నీటిలో వదిలాము. అయినా ఎండ ఎక్కకముందు, ఏ మోటారు చప్పుడూ లేని నీటిమీద, ఒకరి తెడ్డు వెంట ఒకరు వేస్తూ పోవడంలో ఉన్న హాయి ఇన్నేళ్ళ కాపురంలో మాకు కొత్తదే.

మొన్న గోపాలపురం వెళ్ళి పెద్దాయనకు కబురు చెప్పాము. చేపలెన్ని పడ్డాయని ఆయన అడగలేదు.

“ఎన్నిసార్లు పడ్డారు?”

“పరీక్షకు పడ్డవి పోను, ఒకసారి నిజంగానే పడ్డాము.”

“ఎవరైనా ఎక్కించారా?”

“లేదు, మేమే ఎక్కాము.”

“అయితే మంచి పడవే కొన్నారు,” అని, ఆయన మళ్ళీ వల అల్లుకోసాగాడు.