పరదాలకు పైసలియ్యను

‘ఫుల్ కండీషన్ సార్’ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతది. రాజీవ్ రహదారి పొంటి పాత బండ్లు నిలబెట్టే జాగల ఆ మాట చెవిన పడకుండ ఎవరూ బయటికి రాలేరు. మొన్న నాకు చూపించింది మామూలు బండి కాదు, టెంపో ట్రావెలర్‌ను కారవాన్‌గ మార్పించింది. మంచం, సింకు, ఫ్రిజ్జు, పూల పరదాలు. అమ్మేటాయన బండి కొన్న ధరకు లోపలి పని ఖర్చు కలిపి, ‘మీరు కాబట్టి’ అని కొంత తగ్గించి చెప్పిండు.

వడ్రంగికి ఇచ్చిన పైసలు నేనెందుకు కట్టాలె? అదే మోడల్, అన్నే కిలోమీటర్లు తిరిగిన ఖాళీ ట్రావెలర్ ఎంత పలుకుతదో అదే అసలు ధర. లోపలి సామానుకు దాని మీద ఇంతో అంతో. టైర్లు, బ్యాటరీ మార్చాల్సి వస్తే అందుల నుంచే కోత.

కాగితాల సంగతి తొందరగ చెప్త. ఏపీ 23 ప్లేటుంటే అది మెదక్ జిల్లా నంబరు, తెలంగాణ రాకముందటి బండి. టీఎస్ 36 అంటే 2016ల సిద్దిపేట జిల్లా అయినంక వచ్చింది. ‘తక్కువ తిరిగింది’ అన్నోన్ని ముందు ఆ ప్లేటు చదవమనాలె. లోపలి మార్పులు ఆర్సీల ఎక్కకపోతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మెడకు చుట్టుకుంటది. ఫైనాన్స్ తీరిందన్నది నోటిమాటగ కాదు, ఫారం 35గ చేతికి రావాలె.

ఇగ పైకప్పు. దీని మీద నేను ఎంతసేపైనా మాట్లాడగలను, ఇంట్లోవాళ్లను అడగండి. ఏసీకని, సోలార్ పలకకని కప్పుకు బొక్కలు కొడతరు. మన ఎండకు సీలెంటు పగులుతది, వాన ఆ సందుల్నే వెతుక్కుంటది. నీళ్లు ప్లైవుడ్ల దిగినా పైన సన్మైకా మెరుస్తనే ఉంటది. నేను పరుపు ఎత్తి మూలకు బొటనవేలితో నొక్కిన. వేలు మెత్తగ లోపలికి దిగింది. ముక్క వాసన. బండ్ల అగరుబత్తి ఎందుకు ముట్టించిండో అప్పుడు తెలిసింది.

కప్పుకు బొక్క కొడితే విలువ పెరిగిన బండి తెలుగు నేల మీద ఒక్కటే. 1982ల ఎన్టీఆర్ పార్టీ పెట్టి, పాత షెవర్లే వ్యానుకు పైకి ఎక్కే దారి తీయించి, చైతన్యరథం అని పేరు పెట్టిండు. స్టీరింగు కొడుకు హరికృష్ణ చేతుల. తిండి, నిద్ర దాంట్లనే, స్నానం రోడ్డు పక్కన. 1983 జనవరిల ఆ బండి ఆయనను ముఖ్యమంత్రి కుర్చీ దాక తీసుకపోయింది. దాని మైలేజీ ఎంతని ఎవడడిగిండు? సైడ్‌మిర్రర్ల గురించి ఎవడు బేరమాడిండు? కానీ అంత గాలిల కూడ సిద్దిపేట ఆ ఏడు కాంగ్రెస్‌కే ఓటేసింది. టీడీపీ తరఫున నిలబడ్డ కేసీఆర్ ఓడిపోయి, 1985ల గెలిచిండు. మనోళ్లు రథాన్ని కూడ ఒకసారి వాపస్ పంపినంకనే తీసుకున్నరు.

కాబట్టి కారవాన్ అమ్మేటోళ్లకు ఒక్కటే మనవి: ముసురు పట్టిన తెల్లారి తీసుకరండి, పరదాలు ఊడదీసి, అగరుబత్తి లేకుండ.